పంచదార డబ్బా పారేశాం, షుగర్ మాత్రం పెరిగింది

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆమెకు 39 ఏళ్ళు, భర్తకు 44. ఇంట్లో పదకొండేళ్ళ పాప, అత్తగారు. ఏప్రిల్లో ఆఫీసు వాళ్ళు చేయించిన చెకప్‌లో భర్తకు హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, 6.2 వచ్చింది. "ఇంకా షుగర్ కాదు, అంచున ఉన్నారు. తిండి చూసుకోండి, నడవండి, మూడు నెలలకి మళ్ళీ రండి" అని డాక్టరు మందు రాయకుండా పంపించారు. ఆ రాత్రే ఈమె పంచదార డబ్బా ఖాళీ చేసేశారు. దాని స్థానంలో తేనె, ఖర్జూరం, తాటి బెల్లం పొడి, ఆ పైన అత్తగారి పుట్టింటి బెల్లం వచ్చాయి. అత్తగారిది అనకాపల్లి దగ్గర పల్లె. తమ్ముళ్ళు ఇప్పటికీ చెరకు వేస్తారు, గుడ్డలో చుట్టిన నల్ల బెల్లం దిమ్మ నెలకొకటి పంపిస్తారు. "బెల్లం మందమ్మా, పంచదారే విషం" అనేది ఆవిడ మాట. జులైలో మళ్ళీ పరీక్ష చేయిస్తే 6.4 వచ్చింది. రిపోర్టు చూసి భర్త నవ్వారట: "ఇంత డబ్బు పోసి షుగర్ కొనుక్కున్నాం." ఈమెకు మాత్రం కోపం ఆగలేదు. "మీ బెల్లం వల్లే" అని అత్తగారిని అనేశారు. అప్పటినుంచి ఆవిడ కోడలితో మాట్లాడడం లేదు, కంచం పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోతున్నారు. ఈలోగా స్టీవియా పొడి తెచ్చి పాప పుట్టినరోజు కేకు దాంతో చేస్తే చేదొచ్చింది. స్నేహితుల ముందు పాప ఏడ్చింది. ఆమె అడిగినవి మూడు: సహజమైన తీపుల్లో అసలు ఏది మంచిది? బెల్లం తప్పా? సంక్రాంతికి అరిసెలు చేయాలా, మానేయాలా? చివర ఒక చిన్న మాట: ఆడపడుచు ఏడు నెలల బాబుని తీసుకుని వస్తోంది, మాటలు బాగా రావాలని అత్తగారు వాడి నాలుక మీద తేనె రాస్తానంటున్నారు, తేనె సహజమే కాబట్టి పరవాలేదు కదా అని.

పరవాలేదు అనడానికి లేదు. మీ ఉత్తరంలో తొందరపడాల్సిన విషయం ఇదొక్కటే కాబట్టి ముందు దీని గురించే చెబుతాను. ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్క కూడా పెట్టకూడదు. ఎంత స్వచ్ఛమైన తేనెలోనైనా బొటులిజం అనే జబ్బు తెచ్చే బాక్టీరియా బీజాలు ఉండొచ్చు. పెద్దవాళ్ళ పేగుల్లో వాటి ఆటలు సాగవు. పసివాళ్ళ పేగుల్లో మాత్రం అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. బిడ్డకు మలబద్ధకం వస్తుంది, ఏడుపు నీరసంగా వినిపిస్తుంది, మెడ నిలపడు, కొందరికి ఊపిరి తీసుకోవడమే కష్టమవుతుంది. తేనెను ఇంట్లో వేడి చేసినంత మాత్రాన ఆ బీజాలు చావవు. అరుదైన జబ్బే, అయినా ఆచారం కోసం ఆ అరుదును పరీక్షించక్కర్లేదు. ఈ మాట మీ నోటి నుంచి కాకుండా ఆడపడుచు నోటి నుంచి వస్తే ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న పరిస్థితికి మేలు. ఈ సాయంత్రమే ఆమెకు ఫోన్ చేయండి, పిల్లల డాక్టరుని అడిగి అమ్మకు తనే చెప్పమనండి.

ఇక మీ వారి సంగతి. మీరు ఆయన రోజంతా తినేవి వరసగా రాసి నాకు చాలా పని తగ్గించారు. పెన్ను తీసుకుని లెక్కేశాను, మీరూ వేసుకోండి. పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళలో నిమ్మరసం, రెండు చెంచాల తేనె. చెంచా పంచదార నాలుగు గ్రాములు తూగితే చెంచా తేనె ఏడు గ్రాములు తూగుతుంది. అందులో నీరు తీసేసినా రెండు చెంచాలకు పదకొండు గ్రాముల చక్కెర. రాగిజావలో ఉసిరికాయంత బెల్లం, పదిహేను గ్రాములనుకుందాం, అందులో చక్కెర పదమూడు. రెండుసార్లు అల్లం టీ, ఒక్కో దాంట్లో రెండు చెంచాల తాటి బెల్లం పొడి, అదో పదిహేడు. సాయంత్రం రెండు ఖర్జూరం లడ్డూలు. ముప్పై ఖర్జూరాలకు పది లడ్డూలు వస్తాయని రాశారు కాబట్టి రెండింటిలో ఆరు పళ్ళు, చిన్నవే అనుకున్నా ఇరవై ఏడు గ్రాములు. రాత్రి భోజనం అయ్యాక వేరుశనగపప్పుతో బెల్లం ముక్క, తొమ్మిది. మొత్తం డెబ్బై ఏడు గ్రాములు.

ఏప్రిల్‌కి ముందు? రోజుకు మూడు కాఫీలు, ఒక్కో దాంట్లో రెండు చెంచాల పంచదార, "ఆదివారం స్వీటు ఉంటే ఉంది, లేకపోతే లేదు" అని మీరే రాశారు. అంటే ఇరవై నాలుగు గ్రాములు. ఖర్జూరం పండు కదా, పీచుతో కలిసి వస్తుంది కదా, దాన్ని పంచదారతో కలిపి లెక్కేస్తే ఎలా అంటారేమో. సరే, తీసేద్దాం. అప్పుడు కూడా యాభై మిగులుతుంది. పంచదార ఇంట్లో లేని మూడు నెలల్లో మీ వారు పంచదార ఉన్న రోజులకంటే రెట్టింపు తీపి తిన్నారు.

ఇందులో మీ తెలివితక్కువతనం ఏమీ లేదు. పంచదార డబ్బా ముందు నిలబడినప్పుడు ఎవరికైనా చెయ్యి కాస్త వెనక్కి లాగుతుంది. తేనె సీసా ముందు ఆ భయం ఉండదు, పైగా మంచి పని చేస్తున్నామన్న తృప్తి కూడా. పొద్దున్న తేనె నీళ్ళు, రాత్రి బెల్లం ముక్క ఏప్రిల్‌కి ముందు మీ ఇంట్లో లేనే లేవు. అవి పంచదార బదులు వచ్చినవి కావు, ఆరోగ్యం పేరుతో కొత్తగా వచ్చి చేరినవి.

బెల్లం, తాటి బెల్లం, తేనె, కొబ్బరి చక్కెర, పటిక బెల్లం... ఈ పేర్లన్నింటి వెనకా ఉన్నది చాలామటుకు సుక్రోజు, అంటే పంచదారలో ఉండే చక్కెరే, లేదంటే అది విడిపోతే వచ్చే గ్లూకోజు, ఫ్రక్టోజు. పటిక బెల్లం అయితే మరీ చిత్రం. పాప దగ్గుకు చలవ అని ఇస్తున్నామన్నారు, అది పంచదార పాకాన్ని నిదానంగా స్ఫటికాలు కట్టించినదే, పేరులో తప్ప దాంట్లో బెల్లం లేదు. తేనెలో ఫ్రక్టోజు పాలు కాస్త ఎక్కువ కాబట్టి కొంచెం వేస్తేనే తియ్యగా ఉంటుంది, ఆ మేరకు తక్కువ వాడితే లాభమే. మనం అలా వాడం, చెంచా లెక్క అలాగే ఉంచుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో తీపికి పరిమితి చెప్పినప్పుడు తేనెనీ పళ్ళరసాన్నీ కూడా పంచదార ఖాతాలోనే వేసింది. రోజు మొత్తం తిండిలో వచ్చే శక్తిలో పదిశాతం లోపు, వీలైతే అయిదుశాతం లోపు ఉండాలంది. ఆ అయిదుశాతం సుమారు పాతిక గ్రాములు, అంటే ఆరు చెంచాలు. అది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి చెప్పిన లెక్క.

బెల్లంలో ఇనుము ఉంటుంది కదా అని మీ అత్తగారు అన్నారు. ఉంటుంది. పది గ్రాముల ముక్కలో సుమారు అర మిల్లీగ్రాము, ఇనప పెనంలో కాచింది అని ఉదారంగా వేసుకున్నా ఒక మిల్లీగ్రాము. మీ వయసు ఆడవాళ్ళకు మన దేశంలో రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలంటారు. అది బెల్లంతో తెచ్చుకోవాలంటే ఎన్ని ముక్కలో చూడండి. తోటకూర, ఉలవలు, నువ్వులు ఆ పని చేస్తాయి, పక్కన నిమ్మచెక్క ఉంటే ఇంకా బాగా చేస్తాయి.

అలాగని ఆవిడ మాటంతా కొట్టిపారేయకండి. బజార్లో పసుపు పచ్చగా, తెల్లగా మెరిసే బెల్లానికి ఆ రంగు రావడానికి చాలాచోట్ల హైడ్రోస్ అనే రంగు తేల్చే రసాయనం కలుపుతారు. గుడ్డలో చుట్టి వచ్చే ఆ నల్ల దిమ్మ అలాంటిది కాదు. రుచిలో, వాసనలో, నమ్మకంలో ఆవిడ పుట్టింటి బెల్లమే గెలుస్తుంది. రక్తంలో గ్లూకోజు దగ్గరికి వచ్చేసరికి మాత్రం దానికి ప్రత్యేక మర్యాద ఏమీ ఉండదు. "మా నాన్న ఎనభై ఏళ్ళు బెల్లం తిన్నాడు" అన్నారట. ఆయన తెల్లారకముందే చెరకు తోటలో ఉండేవాడు. మీ వారు తెల్లారాక లిఫ్టు ఎక్కి కుర్చీలో కూర్చుంటారు.

ఇంకొక విషయం, నాకు ఇదే పెద్దది అనిపించింది. నాలుగు పేజీల ఉత్తరంలో అన్నం అన్న మాట లేదు. తేనె ఎన్ని చెంచాలో ఉంది, ఖర్జూరాలు ఎన్నో ఉన్నాయి, రెండు పూటలా ఎంత అన్నం తింటారో లేదు. మనకి అన్నం లెక్కలోకి రాదు, గాలి లాంటిది. మూడొందల గ్రాముల అన్నంలో, అంటే మామూలు ఆకలి ఉన్న మగాడి కంచంలో ఒక పూట పెట్టినంతలో, ఎనభై గ్రాముల పైన పిండిపదార్థం ఉంటుంది. చివరికి అదీ గ్లూకోజే అవుతుంది. 6.2 నుంచి 6.4కి పెరగడంలో బెల్లం పాలు ఎంత, అన్నం పాలు ఎంత, ఆ మూడు నెలల ఎండలకి మానేసిన నడక పాలు ఎంత అన్నది ఎవరూ విడదీసి చెప్పలేరు. పరీక్షలోనే ఆ మాత్రం తేడా వచ్చినా ఆశ్చర్యం లేదు. కాబట్టి "మీ బెల్లం వల్లే" అన్న మాట లెక్క ప్రకారం కూడా పూర్తిగా నిజం కాదు. దిమ్మ తెచ్చింది ఆవిడే కావచ్చు, లడ్డూలు చుట్టింది మీరు, తిన్నది ఆయన.

ఇప్పుడేం చేయొచ్చు? నాకు కనిపిస్తున్న దారులు చెబుతాను. దేనికి దాని ఖర్చు ఉంది.

మొదటిది, బెల్లం ఇంట్లోనే ఉండనివ్వడం, కాకపోతే పంచదార అనుకునే వాడడం. పొద్దున్నే ఆయన వాటా ఒక చిన్న గిన్నెలో తీసి పెట్టేస్తారు, పదిహేను గ్రాములో ఇరవయ్యో, అది ఎంతన్నది డాక్టరుతో మాట్లాడి తేల్చుకోండి. టీలో వేసుకుంటారో జావలో వేసుకుంటారో ఆయన ఇష్టం, గిన్నె ఖాళీ అయితే ఆ రోజుకి అంతే. పరగడుపున తేనె నీళ్ళు మాత్రం మానేయమంటాను. తీపి తిండితో కలిసి వెళ్ళడం వేరు, ఖాళీ కడుపులోకి నీళ్ళలో కలిసి వెళ్ళడం వేరు. ఈ దారిలో ఇంట్లో రుచి పోదు, అత్తగారి పరువు పోదు. కష్టం ఎక్కడంటే రెండు వారాలయ్యాక గిన్నె కొలత వదులవుతుంది, "ఇవాళ ఒక్కరోజుకే" మొదలవుతుంది. కొలిచే మనిషి మీరే అయితే రోజూ పోలీసు ఉద్యోగం చేయాలి. అందుకే ఆ గిన్నె ఆయనే నింపుకోవాలి.

రెండోది స్టీవియా. పరాగ్వే దేశపు మొక్క, మన నర్సరీల్లో మధుపత్రి అని అమ్ముతున్నారు. ఆకులోంచి తీసిన సారం పంచదారకంటే రెండు మూడొందల రెట్లు తియ్యగా ఉంటుంది, గ్లూకోజుని పెంచదు. మన దేశంలో 2015 నుంచి అనుమతి ఉంది. శరీర బరువులో కిలోకి నాలుగు మిల్లీగ్రాముల స్టీవియాల్ (స్టీవియా తీపి కడుపులో విడిపోతే వచ్చే పదార్థం) వరకు రోజూ తీసుకున్నా భయం లేదని నిపుణుల కమిటీ తేల్చింది. మీ వారి రెండు మూడు టీలు ఆ హద్దు దగ్గరికి కూడా వెళ్ళవు. ఇంతవరకు శుభం. మీరు తెచ్చిన పొట్లం వెనక ఏముందో ఒకసారి చదవండి. అంత తియ్యని పదార్థాన్ని చెంచాతో తీయాలంటే దేంతోనైనా బరువు కలపాలి. కొన్నిట్లో మాల్టోడెక్స్‌ట్రిన్ కలుపుతారు, కొన్నిట్లో డెక్స్‌ట్రోస్. అవి రెండూ కడుపులోకి వెళ్తే గ్లూకోజే. కొన్నిట్లో ఎరిథ్రిటాల్ అనే ఇంకో తీపి పదార్థం ఉంటుంది. రక్తంలో అది ఎక్కువగా ఉన్నవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువ కనిపించాయని 2023లో ఒక అమెరికా అధ్యయనం వచ్చింది. అదే కారణమని అది రుజువు చేయలేదు, అయినా రోజూ వాడేవాళ్ళు ఆలోచించుకోవాల్సిన విషయమే. చుక్కల మందులా వచ్చే సీసాల్లో సాధారణంగా ఈ గోల తక్కువ.

అదే ఏడాది మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకో మాట చెప్పింది: బరువు తగ్గడానికో జబ్బులు రాకుండా చూసుకోవడానికో స్టీవియాతో సహా ఇలాంటి తీపుల్ని నమ్ముకోవద్దని. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్ళకి ఆ సలహా వర్తించదని కూడా చెప్పింది. మీ వారు ఇంకా ఇవతలి ఒడ్డునే ఉన్నారు కాబట్టి ఆయనకి వర్తిస్తుంది. స్టీవియాతో అసలు ఇబ్బంది, నాలుక ఎప్పటిలాగే అంత తీపీ అడుగుతూనే ఉంటుంది. బయట ఫంక్షన్లో గులాబ్‌జామ్ కనిపించినప్పుడు ఆ నాలుకే ముందుకు వస్తుంది. నడుస్తున్న అలవాటుని దాటడానికి కొన్ని నెలల పాటు కర్రలా వాడుకుంటానంటే వద్దనను.

కేకు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కేకులో పంచదార తీపి కోసమే ఉండదు. పిండికి ఒళ్ళు ఇస్తుంది, తడి పట్టి ఉంచుతుంది, పైన ఎర్రగా కాలేలా చేస్తుంది. చిటికెడు స్టీవియా ఆ పనులేవీ చేయలేదు. చాలదేమోనని ఇంకాస్త వేస్తే చేదెక్కుతుంది. నేనూ ఒకసారి సేమ్యా పాయసంలో వేసి, చేదు పోవడానికి యాలకులు, అది చాలక జీడిపప్పు, చివరికి రెండు చెంచాల పంచదారే వేసి దించాను. పదకొండేళ్ళ పిల్లకి వచ్చే పుట్టినరోజుకి మామూలు పంచదారతో మామూలు కేకు చేయండి. ఏడాదికొక్క కేకు వల్ల ఎవరికీ ఏమీ కాదు. తండ్రి రిపోర్టుని పాప పళ్ళెంలో పెట్టకండి.

మూడో దారి నిదానమైనది. ఏ తీపి వేయాలన్నది వదిలేసి, ఎంత తియ్యగా ఉండాలన్నది తగ్గించుకుంటూ రావడం. టీలో రెండు చెంచాలు ఉంటే పది రోజులు ఒకటిన్నర, ఇంకో పది రోజులు ఒకటి, ఆ తర్వాత అర. మొదటి వారం టీ కషాయంలా ఉంటుంది, మనిషి చిరాకుగా ఉంటాడు. నెల దాటాక ఎవరింట్లోనో ఇచ్చిన మామూలు టీ పాకంలా అనిపిస్తుంది. నాలుక అంత త్వరగానే మారుతుంది. డబ్బు ఖర్చు లేదు, లేబుళ్ళు చదవక్కర్లేదు. ఒక్క ఇబ్బంది, దీన్ని ఇంకొకరి తరఫున మీరు చేయలేరు. ఖర్జూరాలు కావాలంటే లడ్డూ కట్టకుండా రెండు పళ్ళు, నాలుగు బాదం గింజలతో నమలమనండి. అన్నం ఒక గరిటె తగ్గి కూర ఒక గరిటె పెరిగితే, భోజనం అయ్యాక పావుగంట నడిస్తే, తేనె మంచిదా బెల్లం మంచిదా అన్న వాదనకంటే వాటివల్ల వచ్చేది ఎక్కువ. నా మొగ్గు అయితే ఈ దారికే, పండగలకి మొదటిది కలుపుకుని. మీ వారు స్టీవియా చుక్కలతో టీ తాగుతానంటే అదీ ఒక దారే, తప్పు పట్టను.

ఆయన ఏమంటారన్నదే నాకు తెలియడం లేదు. ఆయన తినేవన్నీ ఉత్తరంలో ఉన్నాయి, ఆయన అన్నమాట మాత్రం ఒక్కటే ఉంది, ఆ నవ్వులాట. ఆ నవ్వులో కొంచెం భయం కూడా ఉందేమో మీరే చూడాలి. 44 ఏళ్ళ మనిషి రిపోర్టు మీద ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు యుద్ధం చేస్తుంటే ఆయన హాయిగా పక్కకి తప్పుకున్నారు. ఈ ఉత్తరంలోని లెక్క, ఆ ఇరవై నాలుగు, ఆ డెబ్బై ఏడు, ఆయన అకౌంట్స్ చూసే మనిషో కాదో తెలియదు గానీ, ఒక కాగితం మీద రాసి ముందు పెట్టండి. ఏ దారి పడతారో ఆయన్నే తేల్చుకోమనండి. డాక్టరు ఈసారి మందు మొదలుపెట్టాలంటే దాన్ని ఓటమి అనుకోకండి. 6.5 వచ్చినా, దాటినా షుగరే అంటారు, దానికి దగ్గర్లో ఉన్నప్పుడు ఆ నిర్ణయం ఆయన చేతిలో ఉండడమే మంచిది.

అత్తగారి దగ్గర మీరు నెగ్గాలంటే ఈ లెక్కలన్నీ చదివి వినిపించొచ్చు. నెగ్గుతారు కూడా. ఆవిడ కంచం మాత్రం ఇంకా గదిలోనే ఉంటుంది. మీరు బెల్లాన్ని అన్నారు, ఆవిడ తన తండ్రిని, తమ్ముళ్ళని, వాళ్ళ గానుగని అన్నట్టు విన్నారు. "అత్తయ్యా, ఆ రోజు కోపంలో అన్నాను, తప్పు బెల్లానిది కాదు, మనం ఎక్కువ పెట్టాం" అంటే అబద్ధం కూడా కాదు. 'మనం' అన్న మాట వదలకండి.

అరిసెలు చేయండి. చిన్నవిగా వత్తండి, నువ్వులు దండిగా అద్దండి, నూనె దిగేలా చెక్కల మధ్య గట్టిగా నొక్కండి. ఆయనకి పూటకొకటి, ఆ రోజు జావలో బెల్లం, గిన్నెలో వాటా ఏమీ లేకుండా, ఆ పూట అన్నం ఒక గరిటె తగ్గించి. పది రోజులు డబ్బాలో ఉంచకండి, పండగ మూడు రోజులు అయ్యాక ఆఫీసుకీ పక్కింటికీ పంచేయండి. పాకం మాత్రం మీరు పట్టకండి. ముదిరితే అరిసె రాయి అవుతుంది, లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. నీళ్ళలో చుక్క వేసి వేలితో ఉండ చేసి చూసే పని అనకాపల్లి అత్తగారికే వదిలేసి, "అత్తయ్యా, వచ్చిందేమో చూడండి" అని పిలవండి.